ఎలీజా, సెవెనా?

మన దేశంలో ఒక తరాన్ని కారెక్కించిన మారుతి 800లో ఉన్నది 796 సీసీ ఇంజిను. మూడు సిలిండర్లు. బండి బరువు సుమారు 650 కిలోలు. ఇంగ్లండ్‌లో కేటర్‌హమ్ సెవెన్ 170 అనే స్పోర్ట్స్ కారు ఒకటి ఈనాటికీ చేత్తో తయారవుతోంది. దాని ఇంజినూ సుజుకీదే, దానికీ మూడే సిలిండర్లు. సైజు మాత్రం ఇంకా చిన్నది, 660 సీసీ. టర్బో తోడవడంతో 84 హార్స్‌పవర్ ఇస్తుంది. బండి బరువేమో 440 కిలోలు! మారుతి 800 కన్నా రెండు క్వింటాళ్లు తక్కువ. టైర్లు కూడా చిన్న కుటుంబ కార్లకు వేసేంత సన్నవే. అయినా ఆగి ఉన్న చోటి నుంచి ఏడు సెకన్లు తిరక్కుండానే గంటకు 97 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

తేలికపాటి స్పోర్ట్స్ కారు కొనాలనుకునే బ్రిటన్‌వాసికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ సెవెన్ కొనాలా, లోటస్ ఎలీజ్ కొనాలా? రెండూ నంబరు ప్లేటుతో రోడ్డు మీద తిరిగేవే. రెండూ రేసు ట్రాక్ మీద తమకన్నా ఎంతో ఖరీదైన కార్లకు చెమటలు పట్టించేవే. తమాషా ఏమిటంటే రెండింటి పుట్టుకా ఒక్క ఇంట్లోనే.

ఆ ఇంటి పెద్ద కోలిన్ చాప్‌మన్, లోటస్ కంపెనీ స్థాపకుడు. కారు వేగం పెంచాలంటే మిగతావాళ్లు ఇంజిను పెంచేవారు, ఆయన బరువు తీసేసేవాడు. 1957లో ఆయన తెచ్చిన లోటస్ సెవెన్ అంటే ఉక్కు గొట్టాల చట్రం, దాని చుట్టూ అల్యూమినియం రేకు, రెండు సీట్లు. అంతే. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అందుకని సెవెన్‌ను పెట్టెల్లో సర్ది అమ్మేవారు. బిగించే పద్ధతి రాసిస్తే పన్నువాళ్లు పట్టుకుంటారని, విప్పే పద్ధతి రాసిచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకునేవారనీ ఒక కథ. నిజమెంతో గానీ, చాప్‌మన్ బుర్రకు తగిన కథే. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడాది లోటస్ సెవెన్ హక్కులను తన డీలరు కేటర్‌హమ్ కార్స్‌కు అమ్మేసింది. యజమానులు మారారు, ఇంజిన్లు మారాయి. బండి రూపం మాత్రం చూడగానే పోల్చుకునేంత పాతగా అలాగే ఉంది. పెట్టెల్లో కొని ఇంట్లో బిగించుకునే వీలు ఇప్పటికీ ఉంది.

చాప్‌మన్ 1982లో చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు లోటస్ ఇటలీకి చెందిన రొమానో ఆర్తియోలి చేతికొచ్చింది. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో కొత్త కారు మీది ముసుగు తీశారు. ఆర్తియోలి తన చిన్నారి మనవరాలు ఎలీజా పేరు మీదే దానికి ఎలీజ్ అని పెట్టాడు.

ఎలీజ్‌లో అసలు గొప్పతనం పైకి కనిపించదు. పొడవాటి అల్యూమినియం పట్టీలను ఒకదానికొకటి వెల్డింగ్ చేయకుండా, విమానాల తయారీలో వాడే తరహా జిగురుతో అతికించి, ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరిచారు. వెల్డింగ్ వేడికి అల్యూమినియం బలం తగ్గుతుంది, జిగురుతో ఆ బెడద లేదు. అందుకే పట్టీలను బాగా పలచగా తీయగలిగారు. అలా తయారైన ఛాసిస్ బరువు 68 కిలోలు. ఒక మనిషి బరువు! దాని మీద ప్లాస్టిక్ ఫైబర్ బాడీ, వెనక రోవర్ వారి 1.8 లీటర్ల ఇంజిను. 118 హార్స్‌పవర్, మొత్తం బండి సుమారు 725 కిలోలు. నార్ఫోక్ జిల్లాలోని హెథెల్ అనే ఊళ్లో, రెండో ప్రపంచయుద్ధం నాటి వైమానిక స్థావరంలో ఉన్న ఫ్యాక్టరీలో 2021 దాకా 35 వేలకు పైగా ఎలీజ్‌లు తయారయ్యాయి. టెస్లా తన మొట్టమొదటి కారు రోడ్‌స్టర్‌ను ఈ ఛాసిస్ ఆధారంగానే కట్టుకుంది.

ఇంతకీ బరువు తగ్గితే ఒరిగేదేమిటి? 160 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపితే, ఆ కదలికలోని శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. బరువు సగమైతే వేడీ సగమే. ట్రాక్ మీద ఒకటిన్నర టన్నుల కారు నాలుగైదు రౌండ్లు తిరిగేసరికి బ్రేకులు మెత్తబడి, చల్లార్చుకోవడానికి పక్కకు రావాల్సి వస్తుంది. ఎలీజ్, సెవెన్ అలా తిరుగుతూనే ఉంటాయి. టైర్లలో ఇంకో కిటుకుంది. టైరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అందువల్ల మలుపులో బరువైన కారుది ఎప్పుడూ నష్టపు బేరమే. ఇంజిను పెద్దదైతే తిన్నటి దారిలోనే లాభం. తేలికదనం బయల్దేరేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, ఆగేటప్పుడు కూడా పనికొస్తుంది. పెట్రోలు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు కలిసిరావడం దానికి కొసరు.

అయితే తేలికదనం ఒక్కటే చాలదు. గాలి అనేది ఒకటుంది. సెవెన్‌లో 420 అనే మోడల్ ఉంది: ఫోర్డ్ 2 లీటర్ల ఇంజిను, 210 హార్స్‌పవర్, 560 కిలోలు. గంటకు 97 కిలోమీటర్లు అందుకోవడానికి 3.8 సెకన్లు చాలు. మొదటి తరం ఎలీజ్‌కు 5.8 దాకా పట్టేది. కానీ గరిష్ఠ వేగం చూడండి. 420ది గంటకు 219 కిలోమీటర్లు. దాదాపు సగం శక్తే ఉన్న ఎలీజ్ కూడా 200 చేరుతుంది! బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, నిటారు అద్దం, పైకప్పులేని బాడీతో సెవెన్ గాలికి ఎదురీదుతుంది. ఎలీజ్ దాన్ని చీల్చుకుపోతుంది. మలుపులు ఎక్కువున్న పొట్టి ట్రాక్ మీద ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. సిల్వర్‌స్టోన్ లాంటి పొడవాటి ట్రాక్ మీద, మోటార్‌వే మీద బాగా తెలుస్తుంది.

నడపడంలో రెండూ రెండు స్వభావాలు. ఎలీజ్‌లోకి ఎక్కడమే ఒక విద్య. పక్కనున్న వెడల్పాటి అల్యూమినియం దిమ్మె మీదుగా కాలు లోపలికి వేసి, కిందికి జారి కూర్చోవాలి. ఒకసారి కూర్చున్నాక ఆ ఇబ్బంది గుర్తుండదు. స్టీరింగుకు పవర్ సహాయం లేదు. తయారీ ఆగిపోయేదాకా పెట్టనే లేదు. రోడ్డు మీది చిన్న గతుకు కూడా అరచేతికి తెలుస్తుంది. సస్పెన్షన్ మాత్రం అనుకున్నంత మొరటుగా ఉండదు, బండే తేలికైనప్పుడు గట్టి స్ప్రింగులతో పనేముంది? జాగ్రత్త పడాల్సింది మలుపుల్లో. ఇంజిను సీట్ల వెనక ఉండటంతో బరువులో ఎక్కువ పాలు వెనకే. మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే, వెనక టైర్లు పట్టు వదిలి కారు గిర్రున తిరిగిపోతుంది. మొదటి తరం ఎలీజ్‌కు ఈ విషయంలో చెడ్డపేరే ఉంది. తర్వాతి తరంలో బాగా మచ్చికచేశారు.

సెవెన్‌లో డ్రైవరు దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటాడు. ఎదురుగా పొడవాటి ముక్కు, దానికి అటూ ఇటూ ముందు చక్రాలు ఎగిరెగిరి పడుతూ కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. చేయి కిందికి చాస్తే రోడ్డు అందేలా ఉంటుంది. వెనక భాగం జారినా చెప్పి జారుతుంది, దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. కారు నడపడమంటే ఏమిటో కొత్తవాడికి నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. కేటర్‌హమ్ 1995 నుంచి నడుపుతున్న అకాడమీ రేసులు అలాంటివే. అంతకుముందు ఎన్నడూ రేసు ఆడనివాళ్లు ఒకేరకం సెవెన్‌లు కొని, చాలామంది సొంతంగా బిగించుకుని, తమలాంటి కొత్తవాళ్లతోనే పోటీపడతారు.

ఇక డబ్బు సంగతి, ముఖ్యంగా ట్రాక్ డేల్లో. ట్రాక్ డే అంటే రేసు కాదు. రుసుము కట్టి, సొంత కారు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని రేసు ట్రాక్ మీద తిరగడం. గడియారం పట్టుకునేవాళ్లు ఉండరు. అయినా కార్లు జారతాయి, గోడల్ని తాకుతాయి. మామూలు బీమా చాలావరకు దీనికి వర్తించదు. సెవెన్ ముక్కు పగిలితే కొత్త ముక్కు తెచ్చి బిగించుకోవచ్చు. చక్రాల మీది రెక్కలూ అంతే. గొట్టాల చట్రం వంగినా తెలిసినవాడు కోసి, కొత్త గొట్టం అతకగలడు. ఎలీజ్ ముందు భాగమంతా ఒకటే పెద్ద పెంకు, వెనక భాగమూ అంతే. మూల కాస్త చిట్లినా ఆ మొత్తానికి రిపేరు, రంగు. అతికించిన ఛాసిస్‌కే దెబ్బ తగిలితే దాన్ని సరిచేయడం దాదాపు కుదరదు, మార్చాల్సిందే. అప్పుడు బీమావాళ్లు బండిని తుక్కు కింద రాసేయడం మామూలు. ఏటా చాలాసార్లు ట్రాక్‌కు వెళ్లాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. కొనేటప్పుడు మాత్రం చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు.

రోడ్డు మీదికొచ్చేసరికి తక్కెడ ఎలీజ్ వైపు మొగ్గుతుంది. ఎలీజ్‌కు తలుపులున్నాయి, హీటరుంది, వాన ఆపే గుడ్డ కప్పుంది, ఇంజిను వెనక సంచి పట్టే చోటుంది. సెవెన్‌కు వానొస్తే కట్టుకునే గుడ్డ కప్పు, తలుపుల బదులు గుడ్డ తెరలు. కప్పు కట్టేశాక లోపలికి దూరడం సర్కస్ విద్యే. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పెడల్స్ దగ్గరదగ్గరగా ఉండటంతో వెడల్పాటి బూట్లు పనికిరావు. పొడగరులు, భారీకాయులు 11 సెంటీమీటర్లు వెడల్పు పెంచిన ఎస్‌వీ చట్రమే తీసుకోవాలి. పొగగొట్టం బండి పక్కనుంచి పోతుంది. దిగేటప్పుడు పిక్కకు తగిలితే మచ్చ మిగులుతుంది.

మన దగ్గర ఈ రెండూ రోడ్ల మీద దాదాపు కనిపించవు. లోటస్ 2023లో భారతదేశానికి వచ్చింది, ఎలెట్రే అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీతో. దాని బరువు సుమారు రెండున్నర టన్నులు, అంటే మూడు ఎలీజ్‌లకు పైనే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు రేసుల మాట కొన్నాళ్లు హైదరాబాద్‌లో గట్టిగానే వినిపించింది. కానీ తేలిక బండి రుచి నిజంగా చూడాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో పోవాలి. అక్కడ కొత్త డ్రైవర్లు రాటుదేలే ఫార్ములా ఎల్‌జీబీ కార్లకు ఊపిరి మళ్లీ మారుతి సుజుకీ ఇంజినే. ఎలీజా, సెవెనా అన్న బేరం మాత్రం లండన్‌లోనో లెస్టర్‌లోనో స్థిరపడ్డ తెలుగువాళ్లకే దక్కింది.

అలాంటివాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ట్రాక్ ఎంత దూరం, పక్క సీట్లో ఎవరు అన్నవే. ఇంటి నుంచి గంటలోపు ట్రాక్ ఉండి, ఇంట్లో ఇంకో మామూలు కారుండి, ట్రాక్ మీదే మోజుంటే సెవెన్‌కు పోటీ లేదు. అందులోనూ 420 దాకా పోనక్కర్లేదు. 180 హార్స్‌పవర్ ఉన్న 360 మనిషికి చాలు. చవకలో నేర్చుకోవాలంటే 170 మరీ మేలు. దూరాభారం పోయి, వానలో ఇంటికి తిరిగొచ్చి, ఆదివారం భార్యనో భర్తనో పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం దాకా వెళ్లాలంటే ఎలీజ్. ఒక్కటే కారుతో రెండు పనులూ చేసుకోవాలంటే ఈ వ్యాసకర్త ఓటు ఎలీజ్‌కే, అదీ 2004 తర్వాత టయోటా ఇంజిను పెట్టిన రెండో తరం ఎలీజ్‌కు.

కారణం ఇంజినే. అంతకుముందున్న రోవర్ ఇంజిను తేలికైనదే, చలాకీదే. కానీ దాని హెడ్ గాస్కెట్ పోవడం జగమెరిగిన సంగతి. పాత ఎలీజ్ చూడబోతే గాస్కెట్ ఎప్పుడు మార్చారో, ఏ రకం వేశారో చూపే రసీదులు అడగాలి. కూలెంట్‌లో నూనె తెట్టు ఉందేమో మూత తీసి చూడాలి. ఏ ఎలీజ్ అయినా లిఫ్టు ఎక్కించి, జాకీ తప్పుగా పెట్టడంవల్ల ఛాసిస్ అడుగున పడ్డ నొక్కులు, వెనక చక్రాలను నిలిపే టో లింకుల అరుగుదల పరీక్షించాలి. ట్రాక్ మీద వాడిన బండిలో ఆ లింకు ఊడితే చక్రం దారితప్పుతుంది. ధర అందకపోతే అదే హెథెల్‌లో, అదే తరహా ఛాసిస్ మీద జనరల్ మోటార్స్ కోసం లోటస్ చేసిపెట్టిన వాక్స్‌హాల్ వీఎక్స్220 ఉండనే ఉంది. 2.2 లీటర్ల ఇంజిను, ముక్కు మీద లోటస్ ముద్ర లేదు, అందుకే ధర తగ్గుతుంది.