జల విద్యుద్విశ్లేషణలో మిశ్రమ లోహ ఉత్ప్రేరకాలు: ఇనుము పాత్ర

అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకు 1500 టన్నుల హరిత హైడ్రోజన్ ఉత్పత్తి లక్ష్యంగా 2025 జనవరి 8న ఎన్‌టీపీసీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. కిలో హైడ్రోజన్‌కు ఆచరణలో సుమారు 50 యూనిట్ల విద్యుత్తు కావాలి కనుక ఇటువంటి కేంద్రాల మనుగడ చాలావరకు ఉత్ప్రేరకంపై ఆధారపడి ఉంటుంది.

నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. అయితే ధనధ్రువం వద్ద ఒక ఆక్సిజన్ అణువు ఏర్పడాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు దశలవారీగా తొలగాలి. అదనపు వోల్టేజిలో అధికభాగం ఇక్కడే వ్యయమవుతుంది. ఉత్ప్రేరక ఉపరితలం మధ్యస్థ రూపాలను గట్టిగా పట్టుకుంటే అవి విడివడవు. వదులుగా పట్టుకుంటే చర్య మొదలే కాదు. రెండు లోహాలను కలపడంలోని ఉద్దేశం ఈ పట్టును సరిదిద్దడమే.

నికెల్ మంచి ఉత్ప్రేరకమని చాలాకాలం భావించారు. ద్రావణంలోని ఇనుప మలినాలే దాని సామర్థ్యాన్ని పెంచుతున్నాయని 1987లో కొరిగన్ చూపారు. శుద్ధ నికెల్ హైడ్రాక్సైడ్ నిజానికి బలహీనమైనదని 2014 నాటి ప్రయోగాలు నిరూపించాయి. ప్రక్షిప్తమే మూలానికి ఖ్యాతి తెచ్చిన సందర్భమిది.

అసలు చర్య జరిగే స్థానం ఇనుమా, నికెలా అన్న వివాదం తెగలేదు. ఆమ్ల మాధ్యమంలో అరుదైన ఇరిడియం తప్పనిసరి అవుతుండగా, క్షార మాధ్యమంలో ఈ చవక జంట సరిపోతుంది. కాని దీర్ఘకాలం పనిచేసేటప్పుడు ఇనుము క్రమంగా ద్రావణంలోకి కరిగిపోతుంది.