శీతకాలమున అకేడియా వనము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యపు కొసయందు మెయిన్ అను రాష్ట్రము కలదు. దాని తీరమునంటి మౌంట్ డెజర్ట్ అను ద్వీపమున్నది. 1604వ సంవత్సరమున ఓడపై అటు వచ్చిన ఫ్రెంచివాడు షాంప్లెయిన్, అచటి శిఖరములు చెట్టుచేమలు లేక బోడిగా నుండుట చూచి, ఆ యర్థము వచ్చునట్లే దానికి పేరు పెట్టెను. ఆయన రాకకు వేలయేండ్లకు ముందునుండియే వాబనాకీ జాతులవారు ఆ ప్రాంతమున నివసించుచుండిరి. ఈ ద్వీపములో దాదాపు సగమును, చుట్టుపట్ల మరికొంత నేలను చేర్చి యేర్పరచినదే అకేడియా జాతీయవనము. ఇది 1919లో జాతీయవనమయ్యెను. నేటి పేరు 1929లో వచ్చినది.

ఇటీవల ఏటేట సుమారు 40 లక్షల సందర్శనలు ఇచట లెక్కకు వచ్చుచున్నవి. వచ్చువారిలో పెక్కుమంది వేసవిలోనో, ఆకులు ఎఱ్ఱబారు శరత్కాలమునందో వచ్చువారే. డిసెంబరు మొదటి తేదీన, వనమును చుట్టివచ్చు 27 మైళ్ల బాటలో చాలభాగమును మూసివేయుదురు. ఏప్రిల్ నడుమ వరకు తెరువరు. సముద్రపు ఒడ్డున రెండు మైళ్ల ముక్క మాత్రము కార్లకు తెరచియుండును. బార్ హార్బర్ పట్టణములో హోటళ్లు అనేకము తలుపులు వేసికొనును. డిసెంబరు చివర, సాయంకాలము నాలుగు గంటలు కొట్టకమునుపే ప్రొద్దు గ్రుంకును. ఇట్టి వేళ అచటికెవరు పోవుదురని తోచవచ్చును. కాని వేసవిలో కంటబడనివి కొన్ని చలికాలముననే కనబడును.

వానిలో మొదటిది పాత అగ్నిప్రమాదపు జాడ. 1947 అక్టోబరులో, వానలు లేక ఎండిపోయిన అడవికి నిప్పంటుకొని, ద్వీపమున 17,000 ఎకరములకు మించి దగ్ధమయ్యెను. అంతకుముందచట ఏడాది పొడుగున పచ్చగా నుండు స్ప్రూస్ వృక్షములే హెచ్చు. కాలిన నేలకు వెలుతురు సోకగానే బర్చ్, ఆస్పెన్ వంటి ఆకురాల్చు చెట్లు మొలచినవి. వేసవిలో రెండును పచ్చగనే యుండును గనుక భేదము తెలియదు. చలికాలమున అట్లుగాదు. కాలని అడవి నల్లనాకులతో నిండుగా నిలిచియుండగా, కాలినచోట తెల్లని బోదెలు బోసిగా కనబడును. నాటి మంట ఎంతవరకు వచ్చి ఆగినదో పలుచోట్ల వ్రేలితో చూపవచ్చును.

రెండవది సూర్యోదయము. వనములోని కాడిలాక్ కొండ ఎత్తు 1,530 అడుగులు. అక్టోబరు తొలివారము మొదలు మార్చి తొలివారము వరకు, ఆ దేశమున సూర్యుడు మొట్టమొదట కనబడునది ఈ శిఖరముననే యని చెప్పుదురు. ఆ నెలలలో సూర్యుడు ఆగ్నేయపు దిక్కున ఉదయించును. తీరమున ఎత్తుగానున్న కొండకు ఆ కిరణము ముందుగా తగులును. వేసవిలో ఈశాన్యమున ఉదయించుటచే, ఇంకను ఉత్తరముననున్న వేరొక కొండకు ఆ భాగ్యము దక్కును. విచిత్రమేమన, వేసవిలో ఈ సూర్యోదయమునకై కార్లలో పోవువారు 2021 నుండి ముందుగా టిక్కెట్టు కొనవలసి వచ్చుచున్నది. నిజముగా తొలికిరణము సోకు నడిశీతకాలమునందో, బాట మూసియుండును. మంచుపై నడచి యెక్కినవారికే ఆ దృశ్యము. బూట్లకు ఇనుప ముండ్ల పట్టీలు కట్టుకొననిదే గడ్డకట్టిన రాతిబాటలపై కాలు నిలువదు. అంత సాహసము వలదనువారికి రాక్‌ఫెల్లరు 1913–1940 నడుమ వేయించిన గుఱ్ఱపుబండ్ల బాటలున్నవి. అవి సుమారు 45 మైళ్లు. వానిపై మోటారు కార్లు పోరాదు. మంచు చాలినంత పడినప్పుడు జనము కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకొని వానిపై జారుచు సాగిపోవుదురు.

తీరమున 'థండర్ హోల్' అను ఇరుకైన రాతిచీలిక యున్నది. దాని కొసన చిన్న గుహ కలదు. అల వేగముగా లోనికి దూరినప్పుడు గుహలోని గాలి నొక్కబడి, ఒక్కసారిగా బయటికి చిమ్మును. అప్పుడు ఉరుమువంటి ధ్వని పుట్టును. నీరు ఎంతో ఎత్తునకు ఎగయును. శీతకాలపు తుఫానులలో ఈ వింత మిక్కిలి గొప్పగా నుండును, మిక్కిలి భయంకరముగను ఉండును. 2009 ఆగస్టు 23న, 'బిల్' అను తుఫాను దూరముగా సముద్రమున పోవుచుండగా, అలలను చూడవచ్చిన జనములో కొందరిని ఒక పెద్ద అల లాగుకొనిపోయెను. ఏడేండ్ల బాలిక యొకతె మరణించెను. అది వేసవి, చుట్టును మనుష్యులుండిరి. చలికాలమున రాళ్లపై తుంపరలు గడ్డకట్టి జారుచుండును, కేకవేసినను వినువారుండరు.

గాలి అతిశీతలమైన ఉదయములలో సముద్రము పొగలు గ్రక్కును. తెలుగునాట చలిప్రొద్దున బావినీటినుండి ఆవిరి లేచుటకును, దీనికిని కారణమొకటే: నీటికంటె గాలి మిక్కిలి చల్లగా నుండుట. ఆ పొగలో ఈడర్ బాతులు తేలుచుండును. ఉత్తరపు చలిని తప్పించుకొని వచ్చు హార్లెక్విన్ బాతులకు ఈ తీరమే వెచ్చని దక్షిణదేశము!

2024 జనవరి 10, 13 తేదీలలో రెండు తుఫానులు వెంటవెంటనే ఈ తీరమును తాకెను. సముద్రమట్టము పెరుగుచుండుటచే ఇట్టి తుఫానుల దెబ్బ నానాటికి లోతట్టునకు వచ్చుచున్నది. ఒడ్డు వెంబడి కాలిబాటలు పలుచోట్ల కొట్టుకొనిపోయెను. గవ్వల ముక్కలతో నిండిన 'శాండ్ బీచ్' ఇసుక కోసుకొనిపోగా, 1911లో అచట పగిలిపోయిన 'టే' అను తెరచాప ఓడ దూలములు బయటపడినవి.