ఆట ఆగిపోయిన తరువాత



కామారెడ్డిలో రైలెక్కి మేడ్చల్, బొల్లారం మీదుగా సికింద్రాబాదు వైపు వెళ్లేవారు అమ్ముగూడ అనే చిన్న స్టేషను దాటుతారు. ఎల్లారెడ్డి వైపు నుండి బస్సులో కామారెడ్డి చేరి రైలెక్కే మన కుటుంబాలవారు కూడా ఆ ఊరి మీదుగానే పట్నము చేరుతారు. 1936 అక్టోబరు 4న ఆ అమ్ముగూడలో, ఒక పేద కుటుంబములో, తులసీదాస్ బలరాం అనే ఫుట్‌బాల్ ఆటగాడు జన్మించారు. ఆయన మన సంఘమువాడు కాదు. అయినా ఆయన జీవితములో మన కుటుంబాలు ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నదని మేము తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఫుట్‌బాల్‌ను మన దేశానికి తెచ్చినవారు ఇంగ్లీషువారు, స్కాట్లండు సైనికులు. 1888లో జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ కప్పును గెలిచినది స్కాట్లండు సైనికుల జట్టే. దండు ఉన్నచోటెల్లా ఆ ఆట పాతుకొన్నది. సికింద్రాబాదు, హైదరాబాదులలో గల్లీ గల్లీకి ఆటగాళ్లు తయారయ్యారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తికి బడిపంతులు.

ఆ రహీం పంతులుగారి కన్ను బలరాం మీద పడింది. అమ్ముగూడ నుండి హైదరాబాదు మైదానానికి రోజూ వచ్చి పోవడానికి ఆ అబ్బాయి వద్ద డబ్బులు లేవు. పంతులుగారు సైకిలు ఏర్పాటు చేయించారు. తరువాతి సంగతులన్నీ ఆ సైకిలు వెనుకనే వచ్చాయి. 20 ఏళ్లకే, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన దేశపు జట్టులో బలరాం ఉన్నారు. ఆ జట్టు నాలుగవ స్థానములో నిలిచింది. ఆ తరువాత ఆయన కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, 1961లో దానికి కెప్టెన్ అయ్యారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ఆ ముగ్గురి పేర్లను జనము కలిపి చెప్పుకొనేవారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన జట్టు బంగారు పతకము తెచ్చినప్పుడు ముగ్గురూ అందులో ఉన్నారు. బలరాంకు అర్జున అవార్డు కూడా వచ్చింది.

మరుసటి సంవత్సరమే, 1963లో, ఆయనకు ప్లూరసీ వచ్చింది. అది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే వాపు. ఊపిరి తీసుకోవడమే కష్టమైనవాడు మైదానములో ఎట్లా పరుగెత్తగలడు? సుమారు 27 ఏళ్లకే ఆయన ఆట ఆగిపోయింది. అదే సంవత్సరము జూన్ 11న, రహీం పంతులుగారు క్యాన్సరుతో కన్నుమూశారు. ఒకే ఏడాదిలో శిష్యునికి ఆటా పోయింది, గురువూ పోయారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. బలరాం 2023 ఫిబ్రవరి 16న మరణించారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. పెద్ద ఆట ఆడినది ఏడెనిమిది ఏళ్లు. ఆట ఆగిన తరువాత బ్రతికినది దాదాపు 60 ఏళ్లు. పెళ్లి చేసుకొనలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారా అనే ఊరిలో కాలము గడిపారు. తనతో ఆడిన ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. లోకము గోల్స్‌ను లెక్కపెడుతుంది గాని, ఆ 60 ఏళ్లను లెక్కపెట్టదు.

ప్రియులారా, ఇట్లాంటివారు మన మధ్య లేరా? కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో ఎంతమంది యౌవనస్థులు అప్పు చేసి దుబాయి, మస్కటు వెళ్లలేదు? డబ్బు పంపినంతకాలము "మా కొడుకు, మా అల్లుడు" అని చెప్పుకొంటాము. నడుము విరిగియో, జబ్బుపడియో ఖాళీ చేతులతో తిరిగి వస్తే ఇంట్లో పలుకరింపు మారుతుంది. చిన్ననాటి నుండి బీడీలు చుట్టి ఇల్లు నడిపిన అక్క దగ్గుతో మంచము పట్టితే, ఆమె గ్లాసు వేరు, కంచము వేరు చేస్తాము. సంపాదన ఆగిన రోజే మనిషి విలువ కూడా ఆగిపోయినట్లు నడుచుకొంటాము.

ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయము చివరి వచనాలు చదవండి. ఎపఫ్రొదితును ఫిలిప్పీ సంఘమే పౌలు వద్దకు పంపింది. అతడు అక్కడ చావుకు దగ్గరపడేంత జబ్బుపడ్డాడు. ఇక పంపిన పని పూర్తి కాలేదని, ఊరిలో మొహము ఎట్లా చూపాలని అతడు దిగులుపడియుండవచ్చు. పౌలు ఏమి చేశాడు? అతనిని తిరిగి పంపుతూ, సంతోషముతో చేర్చుకొనుమని, అట్టివారిని ఘనపరచుమని సంఘానికి వ్రాశాడు. మనిషిని పనితో తూచే లోకానికి, మనిషిని ప్రభువునందు చేర్చుకొనే సంఘానికి మధ్య తేడా ఇదే.

కాబట్టి కొన్ని మాటలు చెప్పనీయండి. జబ్బుతో తిరిగివచ్చిన బిడ్డను "ఎంత తెచ్చావు" అని అడుగకండి, "అన్నము తిన్నావా" అని అడగండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దాచిపెట్టక సర్కారు దవాఖానకు తీసుకొనిపోండి. క్షయ అయితే మందులు అక్కడ ఉచితము. సాధారణముగా ఆరు నెలల మందు పూర్తిగా వాడితే నయమవుతుంది. కొంచెము నయము కాగానే మానితే జబ్బు మొండికేస్తుంది. ఆదివారపు బడిలోనో, యౌవనస్థుల కూటములోనో, పిల్లలకు ఆట నేర్పడములోనో వారికి చేతనైన పని అప్పగించండి. కబడ్డీ ఆడలేనివాడు కూడా కబడ్డీ నేర్పగలడు. రహీం పంతులుగారు ఒక్క సైకిలుతో ఒక బిడ్డను మైదానానికి చేర్చారు. ఒక్క పలుకరింపుతో ఒక బిడ్డను మరల దేవాలయపు మెట్లెక్కించడము మనకు కష్టమా?

మన పనిని, ఆయన నామము కొరకు చూపిన ప్రేమను మరచుటకు దేవుడు అన్యాయస్థుడు కాడని హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయము మనకు నేర్పుచున్నది. ఆయన మరువనివారిని మనమెందుకు మరువాలి? ఈ వారము మీ గ్రామములో ఆట ఆగిపోయిన ఒకరి ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుండి, పేరు పెట్టి ప్రార్థించండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక.