సాఫ్ట్‌వేర్‌కు పూచీ ఉండదా?

కుక్కరు కొంటే వారంటీ కార్డు ఇస్తారు. కుట్టుమిషను మొరాయిస్తే దుకాణదారుణ్ణి నిలదీస్తాం. అదే డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ మొదటిరోజే మొండికేస్తే ఎవరిని అడగాలో తెలియదు. వాడకముందే 'అంగీకరిస్తున్నాను' అని మనచేత నొక్కిస్తారు. ఉన్నది ఉన్నట్లు తీసుకోవాలని, నష్టానికి తమ పూచీ లేదని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. ఇది న్యాయమేనా?

సాఫ్ట్‌వేర్ అసలు సరుకే కాదని కొందరు వాదిస్తారు. అమ్మకపు పన్ను విషయంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పునిచ్చింది. డిస్కులో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని తేల్చింది. అది పన్నుకు సంబంధించిన తీర్పే. అయినా పన్ను కట్టేటప్పుడు సరుకైనది, పూచీ పడేటప్పుడు కాకుండా పోతుందా?

కాపీ చేసుకొని వాపసు ఇస్తారేమోనని కంపెనీల భయం. అది కొట్టిపారేయదగింది కాదు. కాని దానికీ మార్గముంది. కంప్యూటర్ ఆటలు అమ్మే 'స్టీమ్' 2015 నుంచి ఒక నియమం పెట్టుకుంది. కొన్న 14 రోజుల్లోగా అడిగితే, రెండు గంటలకు మించి ఆడకపోతే సొమ్ము తిరిగి ఇస్తుంది. అంతకుముందు వాపసు హక్కు లేదని కొనుగోలుదారులను తప్పుదారి పట్టించినందుకు, దాని యజమాని 'వాల్వ్'కు ఆస్ట్రేలియా కోర్టు 2016లో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

ఈ మాట మనకు కొత్త కాదు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందనీ, దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి అడిగారనీ సహీహ్ ముస్లింలో ఉంది. దాచిన లోపం బయటపడితే బేరం రద్దు చేసుకునే హక్కును ధర్మశాస్త్రవేత్తలు 'ఖియారె ఐబ్' అన్నారు. సాఫ్ట్‌వేర్ లోపం కూడా లోపలి తడి లాంటిదే. వాడితేగాని తెలియదు.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020లో అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకొని, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా సొమ్ము ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టం చెబుతోంది. లాభం కోసం వ్యాపారానికి కొన్న సరుకు దీని పరిధిలోకి రాదు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న చిన్న దుకాణదారులకు మాత్రం రక్షణ ఉంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు కూడా కొన్నాళ్ళ వాపసు గడువును తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం. అంతవరకు కొనేముందు వాపసు షరతు అడగండి, బిల్లు తీసుకోండి. అన్యాయం జరిగితే 1915కు ఫోన్ చేయండి.