ఆ ఫొటోలు నావే... తెరుచుకోవేం?

రాత్రి పదకొండింటికి ఫోను. మరిపెడ నుంచి మా బావమరిది. ఖమ్మం - వరంగల్ రోడ్డు మీద చిన్న ఫొటో స్టూడియో వాడిది.

‘‘బావా, ఎనిమిదింటికి కొట్టిన కమాండు. ఇంకా తిరుగుతనే ఉంది. పొద్దుగాల మొదటి బస్సుకు పెళ్లికూతురు వాళ్లన్న ఫొటోలు పట్టుకొని వరంగల్ ల్యాబుకు పోవాలె. ఆపుదామంటే భయమైతంది!’’

సంగతేంటంటే... పాత కంప్యూటర్ మూలనపడింది. అందులోని హార్డ్‌డిస్కు తీసి కొత్తదానికి తగిలించాడు. రెండింట్లోనూ లైనక్సే. ఫొటోలు కనిపిస్తున్నాయి కానీ తెరవబోతే ‘అనుమతి లేదు’ అంటోంది. తీసింది వాడు, దాచింది వాడు, డిస్కూ వాడిదే. అయినా గుమ్మం దగ్గరే ఆపేసింది!

పట్టా ఎవరిది... ప్రవేశం ఎవరికి?
లైనక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక యజమాని ఉంటాడు, మన పొలానికి పట్టాదారు ఉన్నట్టే. ఆ తర్వాత వాటాదారుల్లాంటి బృందం. ఆపైన దారినపోయేవాళ్లు. ఈ మూడు వర్గాల్లో ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు నడపొచ్చు అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కలిపితే అంకె. 640 అంటే యజమాని చదివి రాయొచ్చు, బృందం చదవొచ్చు, బయటివాళ్లకు ఏమీ లేదు. 777 అంటే... ఇంటికి తలుపే లేదు!

పట్టా మార్చే కమాండు ‘సీహెచ్‌ఓన్’. ప్రవేశం మార్చేది ‘సీహెచ్‌మోడ్’. రెండూ నిన్నమొన్నటివి కావు. 1971 నవంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వెలువడిన యూనిక్స్ మొట్టమొదటి మాన్యువల్‌లోనే ఉన్నాయి. ఇప్పటికీ అవే పేర్లు, అదే పని.

అయితే కంప్యూటర్ యజమాని పేరు రాసుకోదు, నెంబరు రాసుకుంటుంది. పాత కంప్యూటర్‌లో మావాడి నెంబరు 1001. కొత్తదాంట్లో 1000. మనిషి ఒకడే, నెంబరు వేరు. అందుకే వాడి ఫొటోలకు వాడే పరాయివాడయ్యాడు.

సైజు కాదు... లెక్క!
‘‘నాలుగు జీబీ సినిమాకైతే చిటికెలో అయితది కదా బావా?’’ అన్నాడు. నిజమే. ఎందుకంటే ఈ కమాండ్లు ఫైలు లోపలికి తొంగి చూడవు. ఒక్కో ఫైలుకూ డిస్కులో ఉండే ‘ఐనోడ్’ అనే చిట్టాలో ఆ ఒక్క పద్దు మారుస్తాయి. సినిమాకైనా ఒక పద్దే, బొటనవేలంత బొమ్మకైనా ఒక పద్దే. మావాడి డిస్కులో బుల్లిబొమ్మలతో కలిపి మూడు లక్షల పైచిలుకు ఫైళ్లున్నాయి. పాత తరహా తిరిగే డిస్కు ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లి చదవడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు వంద. పద్దులన్నీ చెల్లాచెదురుగా ఉంటే మూడు లక్షలకు యాభై నిమిషాలు.

మరి మూడు గంటలెందుకు? మావాడు ఎవరో స్నేహితుడు పంపిన వరుసను యథాతథంగా కొట్టాడు. ‘ఫైండ్’ ఒక్కో ఫైలునూ వెతికి పట్టుకోవడం, దాని కోసం ‘సుడో’ను కొత్తగా పిలవడం, అది సీహెచ్‌మోడ్‌ను పిలిచి 777 పెట్టడం... ఇలా మూడు లక్షలసార్లు! పెళ్లికి వెయ్యి మందిని పిలవాలంటే ఒక్కో కార్డుకూ ఒకసారి ఊరెళ్లి వచ్చినట్టు. వరుస చివర సెమీకోలన్ ఉంటే జరిగేది ఇదే. దాని బదులు ప్లస్ గుర్తు పెడితే వేల పేర్లను ఒకే సంచిలో వేసుకుని ఒక్కసారే బయల్దేరుతుంది.

ముందు జబ్బేంటో చూడాలి
కమాండు నెమ్మదించిందంటే కారణం ఒకటే కానక్కర్లేదు. చిన్న ఫోల్డర్ మీద, కమాండుకు ముందు ‘టైమ్’ అని చేర్చి నడిపితే మూడు అంకెలొస్తాయి. మొత్తం పట్టిన సమయం ఎక్కువగా ఉండి, ప్రాసెసర్ పనిచేసిన సమయం తక్కువగా ఉంటే డిస్కు కోసమో నెట్‌వర్కు కోసమో ఎదురుచూస్తోందన్నమాట. ప్రాసెసర్ సమయమే ఎక్కువైతే ప్రోగ్రాములను మళ్లీమళ్లీ పిలుస్తున్నట్టు.

* ఆఫీసుల్లో ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’కు హైఫన్ ఎల్ పెడితే ఆగి ఆగి వచ్చి, హైఫన్ ఎన్ పెడితే గబుక్కున వస్తే డిస్కుది తప్పు కాదు. నెంబర్లను పేర్లుగా మార్చి చెప్పే సర్వర్ దగ్గర ఆలస్యం.

* ఫైళ్లు వేరే సర్వర్‌లో ఉంటే ఒక్కో ఫైలుకూ నెట్‌వర్కు మీద పోయి రావాలి. ఒక్కో రాకపోకకు 20 మిల్లీసెకన్లయితే లక్ష ఫైళ్లకు అరగంట దాటుతుంది. ఆ సర్వర్‌లోనే కమాండు కొట్టడం మేలు.

* పెన్‌డ్రైవ్‌ల్లో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో యజమాని పద్దే ఉండదు. అక్కడ రాత్రంతా కొట్టినా ఫలితం సున్నా.

* ‘డీమెసేజ్’లో డిస్కు చదవలేకపోయానంటూ వరుసగా తప్పులు కనిపిస్తే అన్నీ ఆపేసి ముందు ఫొటోలను వేరేచోటికి కాపీ చేసుకోవాలి.

ఆల్బమ్ ముందు... అటక తర్వాత
‘‘ఆపెయ్’’ అన్నాను. కంట్రోల్, సీ. మధ్యలో ఆపితే ఫొటోలు చెడిపోవు. కొన్ని మారి ఉంటాయి, కొన్ని మారవు... అంతే. తర్వాత ఆ పెళ్లి ఫోల్డర్ ఒక్కదానికే సీహెచ్‌ఓన్ కొట్టించాను. రెండు వేల ఫొటోలు. టీ గ్లాసు అందుకునేలోపు అయిపోయింది!

మిగతావాటికి, ఇంకా తన పేరున లేనివే వెతికి మార్చమన్నాను, ప్లస్ గుర్తుతో. ఇప్పటికే సరిగ్గా ఉన్నవాటి జోలికి మళ్లీ పోవడం దండగ. పెద్దపెద్ద సంస్థల్లోనూ ఇదే తంటా. సర్వర్లను నడిపే కుబెర్నెటిస్‌లో 2020లో ఇందుకో ఏర్పాటు తెచ్చారు. పైనున్న ఫోల్డర్‌కు అనుమతులు సరిపోతే లోపల లక్షల ఫైళ్లనూ తడమకుండా వదిలేయొచ్చు.

చివరగా 777 సంగతి. ‘‘పనైతే చాలు కదా’’ అన్నాడు. ఆ కంప్యూటర్లో పనికుర్రాడికీ ఖాతా ఉంది. స్టూడియోను నమ్మి ఎన్నో ఇళ్లవాళ్లు తమ ఆడపిల్లల ఫొటోలు ఇచ్చారు. పని తొందరలో వాటన్నిటికీ తలుపులు తీసేస్తే ఎలా? ఫోల్డర్లకు 750, ఫొటోలకు 640 పెట్టించాను. ఇంకో హెచ్చరిక కూడా చేశాను... వట్టి స్లాష్ గుర్తు మీద, అంటే కంప్యూటర్ మొత్తానికి ఈ కమాండు కొట్టావంటే సుడో కూడా పనిచేయదు, మళ్లీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందేనని.

గంట తర్వాత మళ్లీ ఫోను. ‘‘అయిపోయింది బావా. మా అవ్వ పాత ఫొటోలు కూడా తెరుచుకున్నయ్’’ అన్నాడు.

పెళ్లి ఫొటోలు మొదటి బస్సెక్కాయి.