‘ఉగ్రము’ అను మాట

ధర్మపురి గోదావరీ తీరమున వెలసిన పుణ్యక్షేత్రము. ఇది చిరకాలము కరీంనగరు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరమున ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరినది. ఇచట నరసింహస్వామికి రెండు ఆలయములు కలవు. ఒకదానియందు స్వామి యోగమూర్తియై యుండును. జనులు ఆయనను పాత నరసింహస్వామి యందురు. రెండవదానియందు స్వామి ఉగ్రమూర్తి. ఆయన కొత్త నరసింహస్వామి. యాత్రికులు గోదావరిలో స్నానమాడి, ఇరువురిని సమానమైన భక్తితో సేవింతురు.

ఆంగ్లము నేర్చు బాలుడొకడు ఉగ్రనరసింహుడను పేరును ఆ భాషలోనికి మార్పవలసివచ్చినచో, అతనికి ముందుగా స్ఫురించు విశేషణము ‘ఫియర్స్’. అది తప్పు గాదు. కాని ఆ పదమునే మరల తెనిగింపుమని వేరొక బాలునకిచ్చినచో, అతడు ‘క్రూరమైన’ అని వ్రాయవచ్చును. ‘క్రూర నరసింహస్వామి’ అని ధర్మపురిలో ఎవరైన పలికినచో వినువారు చెవులు మూసికొందురు. పోయిన మాట యొకటి, తిరిగివచ్చిన మాట మరొకటి. నడుమ ఏదో జారిపోయినది.

జారిపోయినదేమో భాగవత కథ తెలుపును. నరసింహుడు స్తంభమునుండి వెలువడి హిరణ్యకశిపుని చీల్చిన పిమ్మటకూడ ఆయన కోపము చల్లారలేదు. బ్రహ్మాది దేవతలు దూరముగా నిలిచిరి. లక్ష్మీదేవి సైతము దగ్గరకు పోవుటకు జంకినది. అప్పుడు చిన్నవాడైన ప్రహ్లాదుడు మెల్లగా పోయి పాదములపై వ్రాలెను. స్వామి అతని తలపై చేయి ఉంచెను. క్రూరుని చేయి అట్లు పసివాని తలపై నిలుచునా? నరసింహుని కోపమునకు కారణము కలదు, హద్దు కలదు. క్రూరునికి పరుల బాధయే వేడుక. ఉగ్రునికి అట్టి వేడుక లేదు.

ఈ రెండు భాషల పదములకును వింతయైన పోలిక యొకటి కలదు. వేదములలో ‘ఉగ్ర’ శబ్దమునకు బలవంతుడు, మహాశక్తిగలవాడు అని అర్థము. ఇంద్రుని, మరుత్తులను ఋషులు ఆ మాటతో కొనియాడిరి. అమరకోశమున ఉగ్రుడనునది శివుని నామములలో నొకటి. భయము గొలుపువాడనెడి అర్థము పిదప బలపడినది. ఆంగ్ల పదమునకు మూలము ‘అడవికి చెందిన, మచ్చికకాని’ అను అర్థముగల లాటిను మాట. అది ఫ్రెంచి భాషద్వారా ఇంగ్లండు చేరినది. ఫ్రెంచివారి ‘ఫియేర్’ అను మాటకు నేటికిని అభిమానముతో తల యెత్తుకొన్నవాడని అర్థము. పూర్వము ఆంగ్లములోకూడ ఆ పదము శూరుని, అభిమానవంతుని తెలుపుచుండెను. ఆ అర్థములు క్రమముగా మరుగుపడి, తీవ్రతయు దూకుడును మిగిలినవి.

కావున ఈ విశేషణమును తెనిగించువాడు, అది ఏ నామమునకు తోడుగా వచ్చినదో ముందు చూడవలెను. ఆదిలాబాదు, రామగుండము ప్రాంతములలో మే మాసమున ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఆంగ్లేయుడు సూర్యునికి ‘ఫియర్స్’ అను విశేషణమునే వాడును. తెలుగువాడు మండుటెండ యనును, లేదా ఎండ నిప్పులు చెరుగుచున్నదనును. 2022 జూలైలో కడెము జలాశయమునకు దాని సామర్థ్యమును మించిన వరద వచ్చి, క్రింది గ్రామములవారు ఇండ్లు విడువవలసివచ్చినది. అట్టి ప్రవాహమునకు తెలుగున ఉద్ధృతి యను మాట సిద్ధముగా నున్నది. గాలియైనచో ప్రచండము, యుద్ధమైనచో భీకరము, పోటీయైనచో తీవ్రము, చూపైనచో తీక్ష్ణము. తల్లి తన బిడ్డపై చూపు ప్రేమకుకూడ ఆంగ్లేయులు ఈ విశేషణమునే వాడుదురు. అచట తెలుగున ‘గాఢమైన’ అనుట తప్ప వేరు గతి లేదు!

ఇక పులి సంగతి. కవ్వాల్ అడవులు 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినవి. పులిని క్రూరమృగమనుట మన భాషలో పాతుకొనిన వాడుక. దానిని మాన్పుట ఎవరితరమును గాదు. అయినను పులి ఆకలికొరకు వేటాడును, పిల్లలను కాపాడుకొనుటకు పైబడును. ఆలోచించి చూచినచో ఆ బిరుదు దానికంటె కొందరు మనుష్యులకే ఎక్కువ తగును.

మనుష్యుల విషయమున ఈ పదమును వాడుట మిక్కిలి కష్టమైన పని. భరతముని నాట్యశాస్త్రమున రౌద్రమునకు క్రోధమును, వీరమునకు ఉత్సాహమును స్థాయిభావములుగా చెప్పెను. ఇరువురును ఆయుధము పట్టుదురు, ఇరువురి కన్నులును ఎఱ్ఱబడవచ్చును. వెలుపలి చేష్టనుబట్టి మాత్రమే పేరుపెట్టువాడు మోసపోవును. ఆదిలాబాదు అడవుల చరిత్ర ఇందుకు సాక్ష్యము.

నిజాము పాలనలో అడవులను రక్షితప్రాంతములుగా ఏర్పరచినపుడు, తరతరములుగా అచట సేద్యము చేయుచున్న గోండులు, కోలాములు భూములకు దూరమైరి. పట్టాలు దొరకవు. అటవీ ఉద్యోగుల జుల్మానాలు మాత్రము తప్పవు. ఆ బాధలలోనుండియే కొమురం భీము నాయకుడై లేచెను. అతడు తనవారితో జోడేఘాట్ కొండలలో నిలిచి, 1940లో పోలీసుల కాల్పులకు బలియయ్యెను. ఆ పోరాటమును పోలీసులవైపునుండి చూచువానికి అది అల్లరిమూక దౌర్జన్యము. అట్టివాడు తన నివేదికలో ‘ఫియర్స్’ అని వ్రాసినచో, దానికి క్రూరమనియే అర్థము చెప్పుకొనవలెను. పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. అతడు ఆ పల్లెలలో నివసించి, భూమి పోవుటయే వారి అశాంతికి మూలమని గుర్తించెను. అతని గ్రంథము ‘ట్రైబల్ హైదరాబాద్’ 1945లో వెలువడినది. భూమి పోయిన సంగతి తెలిసినవాడు అదే ఆంగ్ల విశేషణమును భీముపట్ల వాడినచో, తెలుగున క్రూరమనరాదు. వీరోచితమనవలెను. అక్షరములు మారలేదు. వ్రాసినవాని చూపు మారినది.

ఇట్టి మాటలకు ఈ కాలమున మరియొక చిక్కు వచ్చిపడినది. నిరపరాధులను బాంబులతో చంపువారిని వార్తాపత్రికలు ‘ఉగ్రవాదు’లనుచున్నవి. ఆ వాడుక స్థిరపడినది. ప్రతిదినము దానినే వినుచున్న పిల్లలకు ‘ఉగ్ర’ అనగనే హత్యలు తోచుట సహజము. ధర్మపురికి మొదటిసారి వచ్చిన పిల్లవాడు కొత్త నరసింహస్వామి యెదుట నిలిచి, ‘దేవుడు ఉగ్రుడేమిటి?’ అని అడిగినచో పెద్దలు విసుగుకొనరాదు. ప్రహ్లాదుని తలపైనున్న చేతిని చూపవలెను.

జోడేఘాట్‌లో ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు గోండులు చేరి భీమునకు నివాళులర్పింతురు. 2016లో ఏర్పడిన కొత్త జిల్లాలలో ఆసిఫాబాదు జిల్లాకు అతని పేరే పెట్టబడినది.