వైద్యంలో పొరపాటు – న్యాయస్థానంలో సాక్ష్యం

ఆసుపత్రి నుండి జనాజా ఇంటికి చేరగానే మన కుటుంబాలలో వినిపించే మాట తఖ్దీర్. మరణఘడియ అల్లాహ్ నిర్ణయమన్నది మన విశ్వాసం. అయితే ఆ విశ్వాసం వైద్యుని బాధ్యతను రద్దు చేయదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడన్న దైవప్రవక్త (స) ప్రవచనం అబూదావూద్‌లో ఉంది. నిపుణుడు తన విద్యా నియమాలను పాటించినా హాని జరిగితే అతనిపై దోషం లేదనీ, మీరితే ఉందనీ ధర్మవేత్తలు వివరించారు. పాటించాడా, మీరాడా? ఆ విద్య తెలిసినవారే చెప్పాలి. నేటి న్యాయస్థానాలు కోరే నిపుణుల సాక్ష్యం సారాంశం కూడా ఇదే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక వైద్యునికి వ్యతిరేకంగా మరో వైద్యుడు సాక్ష్యం చెప్పడానికి ముందుకు వస్తాడా?

2002లో హైదరాబాద్‌లో మలేరియా విభాగపు ఉద్యోగి ఒకరు జ్వరంతో ఉన్న తన భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. ఆమె మరణించింది. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. నిపుణుల సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టివేసింది, జాతీయ కమిషన్ దానినే సమర్థించింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును పునరుద్ధరించింది. మలేరియాకు తాను చికిత్స చేయలేదని ఆసుపత్రి పక్షాన వచ్చిన వైద్యుడే సాక్ష్యంలో చెప్పి ఉన్నాడు. ఇక వేరే నిపుణుడు దేనికి? ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని న్యాయస్థానం స్పష్టం చేసింది.

దీనిని అతిగా అర్థం చేసుకోరాదు. కడుపులో గుడ్డ మరచి కుట్టివేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఏ మందు, ఎంత మోతాదు, శస్త్రచికిత్స అవసరమా అన్న ప్రశ్నలకు నిపుణుడు కావలసిందే. రోగి మరణించినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్లు కాదు. క్రిమినల్ కేసులో నియమం మరింత కఠినం: వైద్యునిపై చర్యకు ముందు మరో సమర్థుడైన వైద్యుని నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కోపంతో ఆసుపత్రి అద్దాలు పగులగొట్టేవారు తమ కేసునే పాడుచేసుకుంటున్నారు.

సాక్ష్యంలో ఎక్కువ భాగం కాగితాలే. కేసు షీటు, పరీక్షల రిపోర్టులు కోరితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. లిఖితపూర్వకంగా కోరి, నకలు దగ్గర ఉంచుకోవాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న పోస్టుమార్టం. ఖననం త్వరగా చేయడం సున్నత్, మృతదేహం గౌరవనీయం. కానీ మరణకారణమే వివాదమైనప్పుడు ఆ సాక్ష్యం ఖబరులోకి వెళ్లిపోతుంది. నేర విచారణలో మరణకారణం తెలుసుకునే అవసరానికి శవపరీక్షను మక్కాలోని ఫిఖ్హ్ మండలి 1987లో అనుమతించింది. ఈ మాట గుసుల్‌కు ముందే ఇంటి పెద్దలకు తెలిసి ఉండాలి. ఆ తరువాత అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే నిపుణుడు దొరకడం చాలా కష్టం.